ఆక్సిజన్‌లో నీటి ఆవిరి ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునే రోగుల బంధువులకు తరచుగా వచ్చే సందేహం ఇది: “మాస్కు లోపల మంచులా పడుతోంది, సిలిండర్‌లో నీళ్లు చేరాయా?” చేరలేదు. ఆ చెమ్మ రోగి వదిలే ఊపిరిలోది. చల్లని అద్దం మీద ఊదితే మసక కమ్మినట్లే ఇదీను.

నీటి ఆవిరికి రంగు లేదు, కంటికి కనబడదు. (టీ గిన్నె మీద తెల్లగా లేచేది అప్పటికే చల్లబడిన సన్నని నీటి తుంపర.) కనుక ఏ వాయువులోనైనా ఆవిరి ఉందో లేదో చూడాలంటే ఆ వాయువును బాగా చల్లబరచాలి, లేదా తడి తగిలితే రంగు మారే పదార్థం మీదుగా పంపాలి. పదో తరగతి పిల్లలకు తెలిసిందే: మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలం పోయి తెల్లని పొడి అవుతుంది, తడి తగిలితే మళ్లీ నీలమవుతుంది. కోబాల్ట్ క్లోరైడ్ కాగితమైతే నీలం నుంచి గులాబి రంగుకు మారుతుంది. రెండూ విషపదార్థాలే, ఇంట్లో వద్దు.

చల్లబరచడంలో ఒక చిక్కుంది. ఐసు వేసిన స్టీలు గ్లాసును ఆక్సిజన్ గొట్టం ముందు పెడితే గ్లాసుకు చెమట పడుతుంది. గొట్టం లేకపోయినా పడుతుంది! అది గదిలోని గాలి తేమ. అందుకే బయటి గాలి కలవని చోట, అంటే గొట్టం లోపలే చూడాలి.

సిలిండర్‌లోని ఆక్సిజన్ పొడి వాయువు. నేరుగా ఎక్కువగా పీలిస్తే ముక్కు, గొంతు ఎండిపోతాయి, కఫం చిక్కబడుతుంది. నీటి సీసాలో బుడగలుగా పైకి వచ్చేటప్పుడు దానికి తేమ పడుతుంది. తరువాత గొట్టం చల్లని గచ్చుమీద పడి ఉంటే ఆ ఆవిరే లోపల చుక్కలుగా దిగుతుంది. చుక్కలుంటే తేమ వస్తున్నట్టే (సీసాలో నీళ్లు గీత దాటి పోయకపోతే సుమా). చుక్కలు లేనంత మాత్రాన వాయువు పొడిగా ఉందని కాదు, గొట్టం తగినంత చల్లగా లేదన్నమాట.

గొట్టం వంపులో నీరు నిలిస్తే ఆక్సిజన్ దారికి అడ్డు. గొట్టం విప్పి నీటిని బయటికి దులపండి, తిరిగి సీసాలోకి పోనివ్వకండి. సీసా నీటిని రోజూ పారబోసి, కడిగి, ఆసుపత్రివారు చెప్పిన శుద్ధమైన నీటినే నింపండి. ముక్కు గొట్టంతో నిమిషానికి 4 లీటర్ల లోపు తీసుకునే చాలామందికి అసలు సీసా అవసరమే ఉండదు. మీ సంగతి డాక్టరును అడగండి.

బుడగలు కనబడితే వాయువు వస్తోందని మాత్రమే అర్థం, అందులో ఆక్సిజన్ ఎంతో అవి చెప్పవు. అగ్గిపుల్ల గీసి చూడడం ప్రాణాంతకం. రోగికి ఆయాసం పెరిగినా, పెదవులు నీలంగా మారినా పరీక్షలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.