దర్శనాల్లోని గుర్తులకు అర్థం ఎవరు చెప్పాలి?

ప్రళయం ఫలానా సంవత్సరంలో వస్తుందని, దానియేలు గ్రంథంలోని మృగాలు నేటి ఫలానా దేశాలేనని చెప్పే కరపత్రం ఒకటి ఇంటికి వచ్చిందనుకోండి. చదివి భయపడటమూ సరికాదు, ఎగతాళి చేయడమూ సరికాదు. అసలు దర్శనంలో గుర్తు ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి.

సూరా యూసుఫ్‌లో ఈజిప్టు రాజు కల మనందరికీ తెలిసిందే. ఏడు బలిసిన ఆవులను ఏడు బక్కచిక్కిన ఆవులు తినేస్తాయి. ఆస్థానంలోని వారు అది గజిబిజి కల అని తోసిపుచ్చారు. యూసుఫ్ (అలైహిస్సలాం) మాత్రం ఏడేళ్లు పంటలు, ఆపై ఏడేళ్లు కరువు అని చెప్పి, ధాన్యాన్ని కంకుల్లోనే ఉంచి దాచమన్నారు. కాకతీయుల నాటి బయ్యారం చెరువును ఎరిగిన కురవి ప్రాంత రైతుకు ఆ సలహా విలువ వేరే చెప్పనక్కరలేదు. బైబిల్ ఆదికాండం 41వ అధ్యాయంలోనూ ఈ వృత్తాంతం ఉంది. ఇక్కడ ఆవు అంటే సంవత్సరం. అయితే అది యూసుఫ్ ఊహ కాదు. ఆ విద్యను తన ప్రభువే నేర్పాడని ఆయన చెరసాలలోని సహచరులతో ముందే అన్నారు (12:37).

దానియేలు సంగతీ అంతే. (ఖుర్‌ఆన్‌లో ఆయన పేరు రాలేదు.) ఆ గ్రంథం 8వ అధ్యాయంలో రెండు కొమ్ముల పొట్టేలును ఒక మేకపోతు పడగొడుతుంది. చూసిన దానియేలుకే అర్థం కాలేదు. అప్పుడు గబ్రియేలు, అంటే మన జిబ్రయీల్, వచ్చి పొట్టేలు మాదీయ, పారసీక రాజులనీ, మేకపోతు గ్రీకు రాజనీ వివరించినట్లు అందులోనే ఉంది. ప్రకటన గ్రంథంలో కూడా ఏడు దీపస్తంభాలంటే ఏడు సంఘాలని మొదటి అధ్యాయమే చెబుతుంది. గ్రంథమే అర్థం చెప్పిన చోట మరో అర్థం తగిలించే పని మనకెందుకు?

చిక్కంతా చెప్పని చోటే వస్తుంది. దానియేలు 8వ అధ్యాయంలోనే 2300 దినాల ప్రస్తావన ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు ఒక్కో దినాన్ని ఒక్కో సంవత్సరంగా లెక్కగట్టాడు. ఆ అధ్యాయంలో అలా లెక్కించమని ఎక్కడా లేదు. ఆయన అనుచరులు ఈసా (అలైహిస్సలాం) తిరిగి వస్తారని 1844 అక్టోబర్ 22న వేలాదిగా ఎదురుచూశారు. కొందరు పొలంలో పంట కూడా కోయలేదు. ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది. యూసుఫ్ చెప్పిన అర్థం జనంచేత ధాన్యం దాయించింది. ఈ అర్థం చేతికొచ్చిన పంటను వదిలేయించింది!

ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్ వద్ద మాత్రమే ఉందని ఖుర్‌ఆన్ స్పష్టం చేసింది (7:187). ఆ దినం, ఆ ఘడియ ఎవరికీ తెలియదని మత్తయి సువార్త 24వ అధ్యాయంలోనూ ఉంది. కాబట్టి కరపత్రం ఇచ్చిన సోదరుణ్ణి కూర్చోబెట్టి మర్యాదగా ఒక్క మాట అడగండి: "ఈ గుర్తుకు ఈ అర్థమని మీ గ్రంథంలో ఏ వచనం చెబుతోంది?"