పాత సూక్ష్మదర్శినిలో చీకటి క్షేత్రం

తెలుగు బోధించే మేము సూక్ష్మదర్శినిని గురించి వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. జంతుశాస్త్ర విభాగంలోని మిత్రులు కొన్ని ఆంగ్ల పుటలను విద్యార్థుల కొరకు తెలుగు చేయమని కోరారు. కంటితో చూడని వస్తువును గురించి వాక్యం కుదరదని మేము ప్రయోగశాలకు వెళ్ళాము. అక్కడి బీరువాలో, అద్దం సాయంతో పనిచేసే ఒక పాత సూక్ష్మదర్శిని ఉన్నది. పనికిరాని సామానుల జాబితాలో అది చేరబోతున్నదని తెలిసింది. ఆ పుటల వలన మేము నేర్చినదీ, ఆ పరికరంతో మా విద్యార్థులు చేసినదీ ఇక్కడ క్లుప్తంగా విన్నవిస్తున్నాము.

సాధారణ సూక్ష్మదర్శినిలో కాంతి క్రింది నుండి వచ్చి, వస్తువు గుండా పోయి, వస్తుకటకంలో ప్రవేశిస్తుంది. క్షేత్రమంతా వెలుగుతో నిండి ఉంటుంది. రంగు గల వస్తువు ఆ వెలుగులో కొంత భాగాన్ని పీల్చుకొని స్పష్టంగా కనబడుతుంది. కాని చెరువు నీటిలోని సూక్ష్మజీవులలో పెక్కు పారదర్శకాలు. తెల్లని గోడపై సున్నంతో గీసిన గీతవలె అవి వెలుగులో కలిసిపోతాయి. రంగులద్దితే కనబడతాయి, అయితే అందుకు వాడే అనేక రంజకాల వలన అవి మరణిస్తాయి. అందుచేతనే మన విద్యార్థులలో పలువురు పారమీషియం బొమ్మను రికార్డు పుస్తకంలో ఎన్నిసార్లో గీస్తారు గాని, అది ఈదడం ఒక్కసారైనా చూడరు.

దీనికి ఉపాయం మన ఇండ్లలోనే ఉన్నది. తలుపులు మూసిన గదిలోకి చిన్న రంధ్రం గుండా ఎండ ప్రక్కగా ప్రవేశించినప్పుడు గాలిలోని ధూళికణాలు మెరుస్తూ కనబడతాయి. తలుపు తెరవగానే అవి మాయమవుతాయి. కణాలు అప్పుడూ ఉన్నవి, ఇప్పుడూ ఉన్నవి. మారినది వెనుకనున్న చీకటి మాత్రమే. సూర్యకిరణం నేరుగా మన కంటిలో పడక, కణం చెదరగొట్టిన కాంతి మాత్రమే కంటికి చేరినందువలన ఆ మెరుపు కలిగింది. సూక్ష్మదర్శినిలో ఇదే ఏర్పాటు చేస్తే దానిని డార్క్‌ఫీల్డ్, అనగా చీకటి క్షేత్రం, అంటారు.

19వ శతాబ్దంలోనే ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1903లో జీడెన్‌టాఫ్, జిగ్‌మాండీ అనే శాస్త్రజ్ఞులు ప్రక్క నుండి కాంతిని ప్రసరింపజేసే అల్ట్రామైక్రోస్కోపును నిర్మించి, కొల్లాయిడ్ కణాల ఉనికిని కంటికి కనబరచారు. జిగ్‌మాండీకి రసాయనశాస్త్రంలో 1925వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. సిఫిలిస్ వ్యాధిని కలిగించే సన్నని క్రిమిని 1905లో కనుగొన్న పిదప, దానిని సజీవంగా గుర్తించడానికి వైద్యులు చీకటి క్షేత్రాన్నే ఆశ్రయించారు.

ఇక సూత్రాన్ని పరిశీలిద్దాము. ప్రతి వస్తుకటకం మీదా 0.25, 0.65 వంటి ఒక అంకె చెక్కి ఉంటుంది. దానిని సంఖ్యాత్మక ద్వారం అంటారు. ఎంత వెడల్పైన కాంతిశంకువును ఆ కటకం స్వీకరించగలదో ఈ అంకె తెలుపుతుంది. 10 రెట్ల కటకానికి సాధారణంగా ఇది 0.25, అనగా అక్షానికి ఇరువైపులా సుమారు 14.5 డిగ్రీలు. 40 రెట్ల కటకానికి 0.65, అనగా సుమారు 40.5 డిగ్రీలు. వేదిక క్రింద ఉండే కండెన్సరు ఇంతకంటె వెడల్పైన శంకువును ఇవ్వగలదు. ఆ శంకువు నడిమి భాగాన్ని ఒక నల్లని బిళ్ళతో అడ్డగిస్తే, మిగిలిన డొల్ల శంకువు వస్తువును తాకి, కటకం అంచులకు వెలుపలగా పోతుంది. వస్తువు లేనిచోట క్షేత్రం నల్లగా ఉంటుంది. వస్తువు ఉన్నచోట చెదరిన కాంతి కటకంలో ప్రవేశించి, అది వెలుగుతుంది.

బిళ్ళ కొలత తెలుసుకొనే విధం ఇది. మొదట 10 రెట్ల కటకంతో ఒక స్లైడును స్పష్టపరచాలి. పిదప అక్షికటకాన్ని తీసివేసి గొట్టంలోకి చూస్తూ కండెన్సరు క్రింది ఐరిస్‌ను మెల్లగా మూయాలి. దాని అంచు, లోపల కనబడే వెలుగు వృత్తపు అంచుతో సరిగా కలిసినప్పుడు ఆపి, ఐరిస్ రంధ్రపు వ్యాసాన్ని కొలవాలి. అంతకంటె కొంచెం పెద్దదిగా దట్టమైన నల్ల కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి, పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు నడిమధ్య అంటించి, కండెన్సరు క్రింద రంగు గాజును ఉంచే వలయంలో అమర్చాలి. కండెన్సరును పైకి జరిపి, అద్దం యొక్క సమతలపు వైపును బలమైన దీపం దిక్కుకు త్రిప్పాలి. సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ త్రిప్పరాదు, చూపుకే ప్రమాదం.

మా తొలి ప్రయత్నం విఫలమైనదని దాచక చెప్పవలె. బిళ్ళను ఐరిస్ కొలతకు సరిగా కత్తిరించాము. నేరు కాంతి కొంత చొరబడి క్షేత్రం బూడిదరంగుగా నిలిచింది. రెండవ బిళ్ళ కొంచెం పెద్దది. ఈసారి క్షేత్రం కాటుకవలె నల్లనైనది గాని, అందులో ఏమియు మెరవలేదు. పరికరం నిజంగానే పనికిరాదని అనుకున్నాము. అప్పుడు బి.ఎస్‌సి. రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె, "ఐరిస్ తెరిచారా సార్?" అని అడిగింది. కొలత కొరకు మూసిన ఐరిస్‌ను మరల తెరవనేలేదు! బిళ్ళ చుట్టూ పోవలసిన కాంతికి దారియే లేకపోయినది. దానిని పూర్తిగా తెరవగానే నల్లని ఆకాశంలో నక్షత్రాలవలె చెరువు నీటి బిందువు వెలిగింది. పారమీషియం అంచుల వెంబడి సన్నని వెండి మెరుపు కదలింది. అవి దాని శైలికలు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన పిల్లలు, తెలుగు మాధ్యమపు పిల్లలు వంతులవారీగా చూచారు. గంట కొట్టినా కదలలేదు.

ఈ పద్ధతికి పరిమితులున్నవి. 40 రెట్ల కటకానికి బిళ్ళ పెద్దది కావలెను. చుట్టూ మిగిలే వెలుగు వలయం సన్ననిది గనుక దీపం మరింత ప్రకాశవంతంగా ఉండాలి. నూనెతో వాడే 100 రెట్ల కటకానికి ఈ కాగితపు బిళ్ళ చాలదు. ప్రత్యేకమైన కండెన్సరు అవసరం. స్లైడు మీది ధూళి, వ్రేలిముద్ర కూడ జీవులతో సమానంగా మెరుస్తాయి గనుక పరిశుభ్రత ముఖ్యం. అతి సూక్ష్మమైన కణం మెరుపు చుక్కగా కనబడినంత మాత్రాన దాని ఆకారమో పరిమాణమో మనకు తెలిసినట్లు కాదు. ఉనికిని తెలుసుకొనుట వేరు, రూపాన్ని తెలుసుకొనుట వేరు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఈ పనికి అయిన వ్యయం నల్ల కాగితం, ప్లాస్టిక్ రేకు, కొంచెం జిగురు. పాత పరికరాలను జాబితాకెక్కించే ముందు కటకాలకు బూజు పట్టినదా, కండెన్సరు కదులుచున్నదా, ఐరిస్ తెరుచుకొనుచున్నదా అని ఒక్కమారు పరీక్షింపజేయండి. విద్యార్థులారా, ఈ ఏడాది పారమీషియం బొమ్మను చూచి గీయండి. పుస్తకంలో కాదు, నీటిలో.