కష్టకాలంలో పచ్చళ్ల వ్యాపారం

ప్రశ్న: భర్త ఆసుపత్రి పాలయ్యాడు, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ఇంట్లో నడిచే పచ్చళ్ల వ్యాపారం ఆపేయడమే మేలా?

జవాబు: ఇంట్లో మనిషి మంచం పట్టినప్పుడు చిన్న వ్యాపారాన్ని ముందుగా కుంగదీసేది చాలాసార్లు అమ్మకాలు తగ్గడం కాదు, సరుకు కొనాల్సిన డబ్బు మందుల షాపుకు పోవడం. వ్యాపారానికి విడిగా బ్యాంకు ఖాతా, విడిగా క్యూఆర్ కోడ్ ఉండాలి. ఇంటికి తీసిన ప్రతి రూపాయినీ సొంత వాడకం కింద రాయాలి.

పని మొత్తం ఆపనక్కర్లేదు, తగ్గిస్తే చాలు. ఆవకాయ పని వేసవిలో కాయ దొరికే కొద్ది వారాలదే. అప్పుడు కలిపి జాడీలకెత్తితే ఏడాదంతా అమ్ముకోవచ్చు. పచ్చళ్లతో పాటు జంతికలు, అరిసెలు కూడా చేస్తుంటే అవి అలా కాదు, ఆర్డరు వచ్చినప్పుడల్లా పొయ్యి దగ్గర నిలబెడతాయి. ముందు మానాల్సినవి అవే. ముక్కలు కొట్టడం, ప్యాకింగ్ కూలికి ఇవ్వవచ్చు. అయితే ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు గ్రాముల్లో రాసి గోడకు అంటించాలి; చేతి అంచనా (ఎంత గొప్పదైనా సరే) ఇంకొకరికి అప్పగించేది కాదు.

ఇక అప్పు. వాయిదా 90 రోజులు దాటి ఆగితే బ్యాంకు దాన్ని మొండి బకాయిగా లెక్కిస్తుంది. అంతకుముందే మేనేజర్‌ను కలిసి వాయిదాలు సర్దమని అడగాలి. డ్వాక్రా రుణమైతే సంఘం సమావేశంలోనే విషయం చెప్పాలి; దాస్తే భారం తోటి సభ్యుల మీద పడుతుంది. కొత్తగా పెట్టుబడి కావాలంటే ముద్రా పథకంలో శిశు రుణం 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా దొరుకుతుంది. ఆసుపత్రి ఖర్చుకని రోజువారీ వడ్డీకి అప్పు తెచ్చి దాన్ని పచ్చళ్ల రాబడితో తీర్చాలనుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు.