చూపు తగ్గిందా? ఆ కుర్చీలోంచి లేవండి

హైదరాబాద్ టోలిచౌకి అపార్ట్‌మెంట్లలో ఇది మామూలు దృశ్యం. బాల్కనీ పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ. అందులో ఒక పెద్దాయనో, పెద్దావిడో. పిల్లలు గల్ఫ్‌లోనో అమెరికాలోనో. పలకరిస్తే ఒకటే మాట: "కళ్లు ఆనడం లేదు బాబూ, ఎక్కడికీ పోవట్లేదు." మొన్నమొన్నటిదాకా మెహదీపట్నం రైతుబజార్‌కి వెళ్లి, గీచిగీచి బేరమాడి కూరగాయలు తెచ్చిన మనిషే!

మీరూ ఆ కుర్చీలోనే ఉన్నారా? లేవండి. తగ్గింది చూపు. నేర్చుకునే శక్తి ఎక్కడికీ పోలేదు.

మొదటి పని: అసలు సమస్యేమిటో తేల్చుకోండి. హైదరాబాద్ వృద్ధాశ్రమాల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు పరీక్షలు చేస్తే, నూటికి దాదాపు 30 మందికి చూపు లోపం ఉన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి కారణాలు రెండే. శుక్లాలు, సరైన కళ్లజోడు లేకపోవడం. రెండూ సరిచేయగలిగినవే! "వయసైపోయింది, ఇంతే" అనుకుని ఎంతమంది ఊరికే చీకట్లో కూర్చున్నారో ఆలోచిస్తే బాధేస్తుంది. మీరు అలా కూర్చోవద్దు.

గ్లాకోమా, అంటే నీటికాసులు, అయితే పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలవాలంటే డాక్టర్ చెప్పిన చుక్కలు ఒక్క పూట కూడా మానకూడదు.

"ఇక చేయగలిగిందేమీ లేదు" అని డాక్టర్ అన్నారా? ఆ మాట మందులకీ ఆపరేషన్‌కీ వర్తిస్తుంది. మీ బతుక్కి కాదు. చాలామంది ఆ మాట విని నేరుగా ఇంటికి వచ్చేస్తారు. వెళ్లాల్సింది ఇంటికి కాదు, లో విజన్ క్లినిక్‌కి. టోలిచౌకి వాళ్లకి అది పెద్ద దూరమేమీ కాదు. ఫిల్మ్‌నగర్ దాటి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2కి వెళ్తే చాలు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో అక్కడ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. 'మిస్సమ్మ' దర్శకుడు ఎల్వీ ప్రసాద్ కుటుంబం అందుకు అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. సినిమా సంపాదన ఇంతకంటే మంచి చోటుకి చేరిందని నేననుకోను. అక్కడి విజన్ రిహాబిలిటేషన్ విభాగంలో మీ చూపుకి సరిపడే మాగ్నిఫయర్లు చూపిస్తారు. తెల్లకర్రతో నడవడం, మాట్లాడే ఫోన్ వాడడం నేర్పుతారు.

అవును, ఇదంతా నేర్చుకునే విద్యే. చూపు కొంత ఉండగానే మొదలుపెడితే త్వరగా వస్తుంది. రెటీనా మధ్యలో దెబ్బతిన్నవాళ్లకి ఎదుటివాళ్ల ముఖం సూటిగా చూస్తే మసకేస్తుంది. చూపు కాస్త పక్కకి పెడితే అదే ముఖం తెలుస్తుంది. గ్లాకోమా వాళ్లకి పక్కలు కనిపించవు కాబట్టి నడిచేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. రోజూ కాసేపు సాధన చేయండి.

ఇప్పుడు వంటింట్లోకి రండి. ఇక్కడ ఈ రోజే మార్పు చేయొచ్చు.

- స్టవ్ నాబ్ మీద ఆఫ్ గుర్తు దగ్గర రాయి ఉన్న బొట్టుబిళ్ల అంటించండి. వేలికి తగులుతుంది.
- తెల్ల ప్లేట్లో పెరుగన్నం కనిపించదు. ముదురు రంగు ప్లేట్ కొనండి.
- బీపీ మాత్రల డబ్బాకి ఒక రబ్బర్ బ్యాండ్, షుగర్ మాత్రల డబ్బాకి రెండు.
- మెట్ల అంచులకి పసుపు టేప్. లైటు కళ్లల్లో పడకుండా, చేసే పని మీద పడాలి.
- ఏ వస్తువు తీసినా అదే చోట పెట్టాలి. ఈ రూల్ ఇంట్లో అందరికీ! మనవడికి కూడా మినహాయింపు లేదు.

నోట్ల సంగతి తేలిక. కొత్త సిరీస్‌లో 100, 200, 500 నోట్ల వెడల్పు ఒకటే. పొడవు మాత్రం 142, 146, 150 మిల్లీమీటర్లు. ఒకదాని మీద ఒకటి పెట్టి అంచు తడిమితే తేడా తెలుస్తుంది. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన 'మణి' యాప్ అయితే నోటు ఎంతదో పైకి చెబుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే స్క్రీన్ మీదున్నది చదివి వినిపిస్తుంది, తెలుగులో కూడా.

అసలు కష్టం ఇంకోటుంది. ప్రేమ. "నాన్నా, మీరు కూర్చోండి, నేను చేస్తా" అంటాడు కొడుకు. "అత్తయ్యా, మీరు స్టవ్ దగ్గరికి రావద్దు" అంటుంది కోడలు. ఇద్దరిదీ మంచి మనసే. కానీ ఇవాళ టీ పెట్టడం మానేస్తారు, రేపు బ్యాంక్ సంతకం, ఎల్లుండి వాకింగ్. ఏడాది తిరిగేసరికి మీ రోజులో మీరు చేసే పని ఏదీ మిగలదు. మర్యాదగా, గట్టిగా చెప్పండి: "నేను చేస్తాను, నువ్వు పక్కన నిలబడు." రోడ్డు మీద చెయ్యి పట్టి లాగనివ్వద్దు. "నీ మోచేయి నేను పట్టుకుంటా, నువ్వు ఒక అడుగు ముందు నడువు" అనండి. శిక్షణలో నేర్పేదీ ఇదే. సాయం అడగడం చిన్నతనం కాదు. ఎక్కడ, ఎంత సాయం కావాలో మీరు చెప్పాలి, అంతే.

ఇంకొకటి, ఎవరూ బయటికి చెప్పుకోనిది. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి లేని మనుషులు, పూలు, డిజైన్లు కనిపిస్తాయి. మతి పోతోందేమోనని భయపడి దాచుకుంటారు. అది పిచ్చి కాదు, గాలీ ధూళీ అంతకన్నా కాదు. దాని పేరు చార్ల్స్ బానే సిండ్రోమ్. ఆ పేరున్న స్విట్జర్లాండ్ పండితుడు 1760లోనే తన తాతగారి అనుభవాన్ని రాసిపెట్టాడు. కళ్ల నుంచి సమాచారం తగ్గినప్పుడు మెదడే బొమ్మలు కడుతుంది. దాచకండి, డాక్టర్‌తో చెప్పండి.

ఈ వారమే లో విజన్ క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫోన్ మాత్రం మీరే చేయండి.