పుట్టగొడుగుల సీజన్: ఒక్కోదానికి నాలుగు ఫొటోలు ఎందుకు?

గట్టి వాన పడి నేల తడిస్తే చాలు, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పుట్టగొడుగులు లేస్తాయి. నైరుతి వానలతో పాటు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలు కూడా ఉంటాయి కాబట్టి మనకి ఛాన్స్ రెండుసార్లు.

ఎక్కడ వెతకాలి? క్లూ పేరులోనే ఉంది. పుట్ట లోపల చెదలు ఒక రకం ఫంగస్‌ని పెంచుతాయి. దాని పేరు టెర్మిటోమైసిస్. వానలకి అదే గొడుగులా బయటికొస్తుంది. పుట్టలతో పాటు కుళ్ళిన మొద్దులు, రాలిన ఆకుల కింద కూడా చూడండి. పుట్టలో చెయ్యి మాత్రం పెట్టకండి, పాములుంటాయి.

పైనుంచి ఒక్క ఫొటో తీస్తే అది ఏ రకమో తేలదు. ఈ నాలుగూ కావాలి:

1. గొడుగు పైభాగం. సైజు తెలిసేలా పక్కన రూపాయి బిళ్ళ పెట్టండి.
2. గొడుగు అడుగున ఉండే గిల్స్. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకి దగ్గరవుతుంది.
3. కాడ, దాని మొదలు.
4. చుట్టుపక్కల చోటు: పుట్టా, మొద్దా, గడ్డా?

తెల్ల గొడుగు ఫొటోలో పేలిపోతుంది. దాని మీద ట్యాప్ చేసి పట్టుకుని ఫోకస్ లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. ఫ్లాష్ వద్దు, తెల్ల కాగితంతో వెలుతురు మళ్ళించండి. చెయ్యి వణక్కుండా 3 సెకన్ల టైమర్ పెట్టండి. బడ్జెట్ ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో కంటే, మెయిన్ కెమెరాతో కాస్త దూరం నుంచి తీసి క్రాప్ చేస్తేనే డీటెయిల్ బాగుంటుంది.

తలకోన శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్‌లో ఉంది. అక్కడ ఏదీ పీకకండి, 1972 వన్యప్రాణి చట్టం వర్తిస్తుంది.

ఇక అసలు సంగతి. గూగుల్ లెన్స్ పేరు చెప్పిందని కూర వండకండి. గడ్డి మైదానాల్లో మొలిచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే పుట్టగొడుగు విషం. తింటే వాంతులు, విరేచనాలు తప్పవు. లేతగా ఉన్నప్పుడు దాని గిల్స్ తెల్లగానే ఉంటాయి, ముదిరాకే ఆకుపచ్చకి తిరుగుతాయి. అంటే లేతదాన్ని ఎంత షార్ప్‌గా తీసినా ఆ గుర్తు మీ ఫొటోలో ఉండదు. ఫొటోలో లేనిదాన్ని ఏ యాప్ కూడా చూడలేదు.

నాలుగు ఫొటోలూ ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, తెలిసినవాళ్ళు పేరు సూచిస్తారు. ఆ పేరు మీ ఆల్బమ్ కోసమే, వంటింటి కోసం కాదు.