డబ్బు ఒకటే, గ్లాసులు రెండా?

విశాఖ దగ్గర ఒక పల్లె. అక్కడి పొదుపు సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరూ కూలికి పోయేవాళ్ళే. ఏడాది పాటు కొంచెం కొంచెం దాచుకున్నారు. బొర్రా గుహలు చూద్దామని బయలుదేరారు.

పొద్దున్నే విశాఖలో కిరండూల్ రైలు ఎక్కారు. రైలు కొండల్లోకి పోయింది. సొరంగం వస్తే పెట్టెలో చీకటి. సొరంగం దాటితే పచ్చని లోయలు. చీకటి పడినప్పుడల్లా అందరూ చిన్నపిల్లల్లా కేకలు వేశారు.

గుహల దగ్గర టికెట్లు కొన్నారు. కార్లలో వచ్చినవాళ్ళకూ, వీళ్ళకూ ధర ఒకటే. లోపల చల్లగా ఉంది. పైనుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. ఆ నీటిలో సున్నం ఉంటుంది. చుక్క చుక్కా పడి సున్నం పేరుకుంటుంది. వేల ఏళ్ళకు అదే రాతి స్తంభం అవుతుంది. ఒక రాయి శివలింగంలా ఉంది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు.

బయటికి వచ్చేసరికి ఆకలి. దారి పక్కన హోటలుకు వెళ్ళారు. భోజనాలకు ముందే డబ్బు కట్టారు.

"ఏ ఊరమ్మా? ఏ పేట?" అని అడిగాడు యజమాని. చెప్పారు. అతని ముఖం మారిపోయింది.

"మీరు వెనక పాకలో కూర్చోండి" అన్నాడు.

లోపలివాళ్ళకు స్టీలు కంచాలు, స్టీలు గ్లాసులు. వీళ్ళకు విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు.

"పోనీలేవే, తినేసి పోదాం. మనకు అలవాటే కదా" అంది ముసలమ్మ.

"ఊళ్ళో టీ కొట్టు దగ్గర పడ్డాం అత్తా. ఇక్కడ కూడా పడాలా? మన నోటుకు లేని అంటు మనకుందా?" అంది సంఘం లీడరు.

ఆమె వెళ్ళి యజమానిని అడిగింది. "ఇష్టమైతే తినండి. లేకపోతే పొండి" అన్నాడు. లోపల తింటున్నవాళ్ళు తలలు వంచుకున్నారు. ఒక్కరూ మాట్లాడలేదు.

వాళ్ళు డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఆకలితోనే బస్సెక్కి పోలీసు స్టేషనుకు వెళ్ళారు. జరిగింది కాగితం మీద రాశారు. పన్నెండు మందీ సంతకాలు పెట్టారు. ముసలమ్మ నిరుటి దాకా వేలిముద్ర వేసేది. ఆ రోజు కూడబలుక్కుంటూ తన పేరు తానే రాసింది. పోలీసులు కేసు రాసుకుని నకలు ఇచ్చారు.

తెలుసుకోండి

• కులం, మతం, ఆడ మగ తేడా చూపి ఎవరినీ హోటలుకో, దుకాణానికో రానివ్వకుండా ఆపకూడదు. ఇది రాజ్యాంగం 15వ అధికరణం.
• 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.
• హోటల్లో అందరూ వాడే గ్లాసులు, కంచాలు అంటరానితనం పేరుతో వాడనివ్వకపోతే నేరం. 1955 పౌర హక్కుల రక్షణ చట్టం కింద నెల నుంచి 6 నెలల దాకా జైలు, జరిమానా పడతాయి.
• పోలీసులు రాసుకున్న కేసు కాగితాన్ని ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఫిర్యాదు చేసినవాళ్ళకు దాని నకలు ఉచితంగా ఇవ్వాలి.
• ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల గురించి 14566 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు.

మాట్లాడుకోండి

1. ముసలమ్మ "అలవాటే కదా" అని ఎందుకు అంది?
2. లోపల తింటున్నవాళ్ళు ఏం చేసి ఉండాల్సింది?
3. మీ ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి ఉందా? మీ సంఘం ఏం చేయగలదు?