పెన్‌డ్రైవ్ ద్వారా నవీకరణ: వైఫల్యానికి కారణాలు

తెలుగు బోధించే నేను సాఫ్ట్‌వేర్ విషయం ప్రస్తావించడం కొందరికి వింతగా తోచవచ్చు. గత సంవత్సరం మా తరగతి గదిలోని టి.వి.కి క్రొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని నాకు అప్పగించారు. ఇంటర్నెట్ నుండి ఫైలును దింపుకొని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి టి.వి.కి తగిలించాను. "ఫైలు కనబడలేదు" అన్నది తెర. రెండు గంటలపాటు అదే పెన్‌డ్రైవ్‌ను తీసి పెడుతూ, పెట్టి తీస్తూ గడిపాను. లోపం టి.వి.ది కాదు. నేను ఫైలును రెండుసార్లు దింపుకొన్నందున కంప్యూటరు రెండవదాని పేరు చివర బ్రాకెట్లలో ఒకటి అనే అంకె చేర్చింది. పద్యంలో ఒక్క లఘువు అధికమైతే గణభంగమైనట్లు, ఆ ఒక్క అంకెతో పేరు చెడింది.

విద్యార్థులు తొలుత గమనింపవలసినది ఇదే. పరికరం ఊహించదు, తనకు చెప్పిన పేరుకోసం, చెప్పిన చోట మాత్రమే వెదకుతుంది. ప్లేస్టేషన్ 4 అనే ఆట యంత్రాన్నే తీసుకొందాం. పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డరు, దానిలో మరొక ఫోల్డరు, అందులో ఫైలు ఉండాలి. మూడింటి పేర్లూ తయారీదారు నిర్దేశించినట్లే పెద్ద ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి. పేరు సవరించేటప్పుడు ఇంకొక చిక్కు కలదు. పేరులో చుక్క తరువాతి భాగాన్ని విండోస్ సాధారణంగా దాచి ఉంచుతుంది. తెలియక దానిని మనం మరల టైపు చేస్తే అది రెండుసార్లు చేరుతుంది.

పేరు సరిగానే ఉండి ఫైలు కనబడకపోతే పెన్‌డ్రైవ్ ఫార్మాట్‌ను అనుమానించాలి. అనేక పరికరాలు ఫ్యాట్ 32 పద్ధతిని మాత్రమే చదువగలవు. విండోస్‌లోని ఫార్మాట్ సాధనం చాలాకాలంపాటు 32 జి.బి.కి మించిన వాటిని ఆ పద్ధతిలో సిద్ధం చేయడానికి అంగీకరించలేదు. అందుచేత పెద్ద పెన్‌డ్రైవ్ కంటె పాత చిన్నదే ఈ పనికి మేలు. అయితే ఫ్యాట్ 32లో 4 జి.బి. పరిమాణం గల ఫైలు పట్టదు. ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లోని సమస్తం పోతుంది కనుక ముందుగా నకలు తీసుకోవాలి.

"ఫైలు చెడిపోయినది" అని తెర చెబితే దారి వేరు. దింపుకోవడం మధ్యలో ఆగి ఉండవచ్చు. లేదా ఎక్కించడం పూర్తికాకముందే పెన్‌డ్రైవ్‌ను లాగి ఉండవచ్చు. తయారీదారు షా-256 అనే సరిచూపు సంఖ్యను ప్రకటించి ఉంటే దానితో పోల్చి చూడవచ్చు. ఫైలు మన మోడల్‌కు చెందినదేనా అన్నది కూడా పరికరం వెనుక చీటీ చూసి నిర్ధారించుకోవాలి.

ఇంతవరకు చెప్పిన పొరపాట్లన్నీ దిద్దుకోదగినవే. వ్రాత మొదలైన తరువాత కరెంటు పోవడం అట్టిది కాదు. పాత సాఫ్ట్‌వేర్ సగం చెరిగి, క్రొత్తది సగమే చేరి, పరికరం మరల మేల్కొనకపోవచ్చు. రెండు ప్రతులు దాచుకొని పాతదానికి మరలే పరికరాలున్నవి గాని, మనది అట్టిదేనని నమ్మరాదు. ఈ పనికి ఒక యు.పి.యస్. ఇప్పించవలసినదిగా కమిటీ పెద్దలకు నా మనవి. విసుగుతో చేతికి దొరికిన మీటనల్లా నొక్కడమూ ప్రమాదమే. ప్లేస్టేషన్ 4 సేఫ్ మోడ్ పట్టికలో మూడవది నవీకరణ. ఏడవది సమస్తం తుడిచి క్రొత్తగా స్థాపించేది. దాచుకొన్న ఆటలన్నీ పోతాయి.

ఆనాడు నా అవస్థ చూసి ఒక విద్యార్థి, "మెయిన్ స్విచ్ తీసి వేద్దామా సార్?" అని అడిగాడు. అప్పటికి వ్రాత మొదలు కాలేదు గనుక సరిపోయింది. పేరులోని అంకె తొలగించి పెట్టగానే టి.వి. ఫైలును గుర్తించింది. ఆ గంటలో చెప్పవలసిన పాఠం మాత్రం మరునాటికి వాయిదా పడింది.